పెదవి ఎవరిది, గొంతు ఎవరిది?

చదువవలసిన భాగములు: ఆదికాండము 27:18–29, మత్తయి 15:7–9, రోమా 8:26



మన గ్రామ సంఘములలో పెద్దలకును యౌవనస్థులకును మధ్య తరచుగా వచ్చు తగవు ఒకటి కలదు. వరినాట్లు వేయునప్పుడు, వేరుశనగ కాయలు ఒలుచునప్పుడు, పెండ్లివారింట పందిరి వేయునప్పుడు మన పిల్లలు సినిమా పాటలు పాడుకొందురు. వాటిలో "పాతాళభైరవి", "మాయాబజార్" వంటి మాయల కథల చిత్రములలోని పాటలు తాతల కాలమునుండి మనుమల కాలమువరకు నిలిచియున్నవి. "ఆదివారమున కీర్తన పాడిన నోటితో సోమవారమున ఆ పాట పాడవచ్చునా?" అని పెద్దలు గద్దింతురు. "ఆ పాటలో తప్పేమున్నది?" అని పిల్లలు ఎదురడుగుదురు. ఇరుపక్షములవారును కొంత నిజమే చెప్పుచున్నారు. అయితే ఈ తగవు అడుగున మరియొక ప్రశ్న యున్నది. మనము కట్టని మాటలను, మనము కూర్చని రాగములో, మన నోటితో పాడుట సత్యమా, అసత్యమా? దీనికి జవాబు దొరికినయెడల సినిమా పాట సంగతి మాత్రమే గాక మన ఆరాధన పాట సంగతియు తేలును.

మొదట ఆ చిత్రముల పాటలు ఎట్లు తయారగునో చూతము. తెలుగు మాటలాడిన మొదటి చిత్రము "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చెను. ఆ దినములలో తెరమీద కనబడువారే పాడవలసియుండెను. చిత్తూరు పేరును తన పేరునకు ముందుంచుకొన్న నాగయ్యగారు 1946లో వచ్చిన "త్యాగయ్య"లో తానే నటించి తన గొంతుతోనే పాడిరి. తరువాత పద్ధతి మారెను. పాటను ముందుగా స్టూడియోలో గాయకుడు పాడును. దానిని రికార్డు చేయుదురు. చిత్రము తీయు దినమున ఆ రికార్డును స్పీకరులో గట్టిగా వేయుదురు. నటుడు దానికి సరిపోవునట్లు పెదవులు కదపును. చూచువారికి పెదవియు గొంతును ఒకే మనిషివని తోచును.

మన శ్రీకాళహస్తి పేరుమీదనే 1954లో "కాళహస్తి మహాత్మ్యం" అను చిత్రము వచ్చెను. స్వర్ణముఖి ఒడ్డున ఈ ఊరివారందరు ఎరిగిన తిన్నడు అను బోయవాని కథ అది. ఆ వేషము వేసినవాడు కన్నడ నటుడు రాజకుమార్. ఆయన నటించిన తెలుగు చిత్రము అదొక్కటే. తెరమీద ఆయన పెదవులు కదలుచుండగా వినబడిన గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావుగారిది. కన్నడము మాతృభాషగా గలవాని పెదవి, తెలుగువాని గొంతు. ఇది మోసమా?

మోసము కాదని మా తలంపు. మోసమనగా ఒకని నమ్మించి వానికి నష్టము చేయుట. ఇక్కడ నష్టపడినవాడు లేడు. పాడినవారి పేరు తెరమీద వేసి చూపుదురు. నాతాను ప్రవక్త దావీదునొద్దకు వచ్చి, పేదవాని గొఱ్ఱెపిల్లను ధనవంతుడు లాగుకొన్న కథ చెప్పెను (2 సమూయేలు 12). ఆ పేదవాడు ఏ ఊరిలోను లేడు. అయినను ఆ కథ అబద్ధము కాదు. దావీదు మనస్సులో దాగిన నిజమును అది బయటికి లాగెను. కాబట్టి కథ కల్పితమని, గొంతు అరువుదని చెప్పి దేనినైనను అసత్యమని తోసివేయుట తొందరపాటగును.

ఇప్పుడు "మాయాబజార్" సంగతికి వత్తము. ఇది 1957లో విజయా వారు తీసిన చిత్రము. దర్శకుడు తాడిపత్రివాడైన కె.వి. రెడ్డిగారు. పాటలు వ్రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు. కథ పెక్కుమందికి తెలిసినదే. బలరాముని కుమార్తె శశిరేఖను అభిమన్యునికిచ్చుటకు ముందు మాట యుండెను. పాండవులు జూదములో సర్వమును పోగొట్టుకొనగానే ఆ మాట మారెను. సంపద గల దుర్యోధనుని కుమారునికి పిల్లనిచ్చుటకు ఏర్పాటు జరిగెను. అప్పుడు ఘటోత్కచుడు తన మాయచేత శశిరేఖ రూపము ధరించి పెండ్లికూతురై కూర్చుండెను.

శశిరేఖగాను, మాయా శశిరేఖగాను కనబడినది ఒక్క సావిత్రిగారే. కాని గొంతు ఒక్కటి కాదు. అసలు శశిరేఖ పాడు ప్రేమగీతములకు పి. లీలగారి గొంతు. మాయా శశిరేఖ తన పెండ్లిని గూర్చి సంతోషము నటించుచు పాడు పాటకు పి. సుశీలగారి గొంతు. ఆ పాటలో ఘంటసాలగారి మగ గొంతు కూడ వినబడును. ముఖము పెండ్లికూతురిది, లోపలనున్నవాడు రాక్షసకుమారుడు. ఎంత దాచినను నడకలో ఒకసారి, గొంతులో ఒకసారి లోపలివాడు బయటపడును. ప్రేక్షకులు నవ్వుకొందురు. నవ్వు వచ్చుటకు కారణము, మనమందరము లోపల ఒకరమును బయట ఒకరమునై యుండుట ఎట్టిదో ఎరిగినవారమే.

ఈ సంగతి చదివిన విశ్వాసికి ఇస్సాకు గుడారము జ్ఞాపకము వచ్చును. యాకోబు అన్న బట్టలు కట్టుకొని, చేతులకు మేకపిల్లల చర్మము చుట్టుకొని గ్రుడ్డి తండ్రి యెదుట నిలిచెను. చేతులు ఏశావు చేతులవలె నున్నను స్వరము యాకోబుదని ఇస్సాకు గుర్తించెను. అయినను ముసలి తండ్రి చెవి చెప్పిన నిజమును విడిచి, చేయి చెప్పిన అబద్ధమును నమ్మెను. సినిమాలోని మాయ రెండు మూడు గంటలలో ముగియును. యాకోబు చేసిన మాయ వానిని ఇరువది సంవత్సరములు పరదేశములో త్రిప్పెను. ఆ దేశములో వాని మామ పెండ్లికూతురిని మార్చి వానినే మోసగించెను.

అయితే అరువు పాట పాడిన ప్రతివాడును యాకోబేనా? ఇక్కడ మనలను మనమే చూచుకొనవలెను. మన సంఘములో పాడు పాటలలో మన సొంతమెన్ని? 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వ్రాసిన కీర్తనలను నేటికిని పాడుచున్నాము. అవి ఆయన కన్నీరు, ఆయన విశ్వాసము, ఆయన కట్టిన మాటలు. దావీదు గుహలో దాగి పాడిన మాటలను గుహ ఎరుగని మనము పాడుచున్నాము. చదువురాని మన అవ్వలు పుస్తకము లేకయే పదులకొలది కీర్తనలు పాడిరి. వాటిలో ఒక్కటియు వారు కట్టినది కాదు. అయినను అవి వారి పాటలు కావని చెప్పువాడెవడు? చనిపోవు ఘడియలో వారి నోట వచ్చినవి ఆ పాటలే గదా. మాట అరువుదైనంత మాత్రమున పాట అబద్ధము కాదు. మన ప్రభువే సిలువమీద 22వ కీర్తన మాటలతో మొఱపెట్టెను.

అట్లయిన అబద్ధమైన పాట ఏది? పెదవులు దేవుని ఘనపరచుచుండగా హృదయము దూరముగా నుండుటయే అబద్ధమని యెషయా చెప్పెను. ప్రభువు పరిసయ్యుల యెదుట ఆ మాటనే మరల చెప్పెను. ఆమోసు ఇంకను కఠినముగా పలికెను. న్యాయము లేనిచోట పాటల ధ్వని దేవునికి వినుటకే ఇష్టములేదని చెప్పెను (ఆమోసు 5:23, 24). కనుక దేవుడు పాటను తూచు తక్కెడలో రాగము, తాళము, గొంతు ఒక పళ్లెములో పెట్టబడవు. సోమవారమునుండి శనివారమువరకు మనము బ్రదికిన బ్రదుకు పెట్టబడును.

"మాయాబజార్" కథలో సత్యపీఠమను ఒక వస్తువు కలదు. దానిమీద నిలిచినవాడు ఎంతటి మాయగాడైనను మనసులోనిది దాచలేడు. చివరకు శకుని దానిమీద నిలిచి తన కుట్ర తానే చెప్పుకొనును. మన గుడి నేల అట్టి పీఠమైనయెడల ఏమగును? ముఖ్యముగా పెండ్లి దినమున ఏమగును? వధూవరులు బలిపీఠము ముందర నిలుతురు. గాయక బృందము వివాహ కీర్తన పాడును. ప్రేమను గూర్చి, క్రీస్తు సంఘమును ప్రేమించినట్లు భార్యను ప్రేమించుటను గూర్చి అయ్యగారు వాక్యము చెప్పుదురు. అయితే అంతకు ముందు రాత్రి పిల్ల తండ్రి కట్నము బాకీ తీర్చుటకు అరెకరము చేను తాకట్టు పెట్టియుండవచ్చును. మోటారు సైకిలు వచ్చినగాని తాళి కట్టనని పెండ్లికొడుకు పక్షమువారు పట్టుపట్టియుండవచ్చును. కట్నము పుచ్చుకొనుటయు ఇచ్చుటయు నేరమని 1961లోనే మన దేశములో చట్టము వచ్చెను. సువార్త దానికంటె ఎంతో ముందు వచ్చెను. అయినను క్రైస్తవ గృహములలో ఈ బేరము నిలిచిపోలేదు.

ఆ పెండ్లిలో ఎవరి పాట అబద్ధము? సోమవారమున చేనిలో సినిమా పాట పాడిన కూలి పిల్లదా? కట్నపు లెక్క ముగించుకొని వచ్చి ముందు వరుసలో కూర్చుండి, ప్రేమను గూర్చిన కీర్తనను గంభీరముగా పాడిన పెద్దమనిషిదా? శశిరేఖ పెద్దలు ధనము చూచి మాట మార్చిరని తెరమీద చూచి మనము నవ్వితిమి. తెర ఇవతల మనము చేయుచున్నది అదే గదా. పిల్లవాని నోటిలోని పాటను పెద్దలు పరీక్షించుట మంచిదే. కాని తమ నోటిలోని పాటను పరీక్షింపని పెద్దల మాట ఏ పిల్లవాడు వినును?

ఇంతవరకు చదివి, "అట్లయితే హృదయము లేనప్పుడు పాడకుండుటయే మేలు" అని ఒకరు తలంచవచ్చును. ఇది పైకి నిజాయితీగా కనబడును. అయితే దీనిలో ఒక అపాయమున్నది. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తల్లిని తలంచుకొనుడి. మరుసటి ఆదివారము ఆమె గుడికి వచ్చును. దేవుడు మంచివాడని సంఘము పాడుచున్నది. ఆమె పెదవులు కదలుచున్నవి గాని హృదయము ఆ మాటవెంట పోలేకున్నది. ఆమె వేషధారియా? ఆమె నోరు మూసికొనవలెనా? బబులోను నదులయొద్ద కూర్చుండి, పరదేశములో యెహోవా పాట ఎట్లు పాడుదుమని యూదులు ఏడ్చిరి (137వ కీర్తన). ఆ ఏడుపునే దేవుడు కీర్తనగా అంగీకరించి మన గ్రంథములో ఉంచెను.

ఈ భేదము తెలిసికొనుటకు అమెరికా దేశములో 1939లో వచ్చిన "ది విజార్డ్ ఆఫ్ ఓజ్" అను మాయాచిత్రము మనకు సహాయము చేయును. డొరొతి అను చిన్నపిల్ల సుడిగాలికి కొట్టుకొనిపోయి వింతదేశములో పడును. దారిలో ఆమెకు ముగ్గురు తోడగుదురు. చేనిలోని గడ్డిబొమ్మ తనకు తెలివి లేదని పాడును. రేకుతో చేసిన మనిషి తనకు హృదయము లేదని పాడును. సింహము తనకు ధైర్యము లేదని పాడును. ముగ్గురును తమయొద్ద లేనిదానినే పాటగా పాడుకొందురు. రేకు మనిషికి ఏడుపు వచ్చును. ఏడ్చినయెడల కన్నీటికి తుప్పుపట్టునని తోడివారు భయపడుదురు. హృదయము లేదని ఏడ్చువానికి హృదయము లేకపోవుట ఎట్లు? లేదని దుఃఖపడుటయే అది యున్నదనుటకు గుర్తు. ఆ చిత్రము చూచు చిన్నపిల్లలు కూడ ఈ సంగతి గ్రహింతురు.

వేషధారి తన హృదయము దూరముగానున్నదని ఎరిగియు దానిని పాటచేత కప్పిపుచ్చును. దుఃఖపడువాడు తన హృదయము దూరముగానున్నదని ఎరిగి, రమ్మని పాటచేత దానిని పిలుచును. పెదవి కదలిక ఇద్దరికిని ఒకటే. ఒకని పాట తెర, మరియొకని పాట ప్రార్థన. నమ్ముచున్నాను, నా అపనమ్మకమును తీర్చుమని ప్రభువునొద్ద ఏడ్చిన తండ్రి (మార్కు 9:24) రెండవ జాతివాడు. వానిని ప్రభువు వెళ్లగొట్టలేదు. వాని కుమారుని బాగుచేసెను.

ఆ తల్లి ఒకనాడు పెదవి కూడ కదపలేనియెడల ఏమి చేయవలెను? ఊరక కూర్చుండవచ్చును. ప్రక్కనున్నవారు ఆమె కొరకు పాడుదురు. అందుకే మనకు సంఘము ఇయ్యబడినది. ఒకరి భారము ఒకరు మోయుడని చెప్పిన అపొస్తలుని ఆజ్ఞలో ఒకరి పాట ఒకరు పాడుటయు చేరియున్నది. సంఘము కూడ అలసినప్పుడు ఉచ్చరింపరాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేయునని రోమా పత్రిక చెప్పుచున్నది. సినిమాలో తెరవెనుక గాయకుడు పాడగా నటుడు పెదవి కదపును. ఇక్కడ మన పెదవి నిలిచిపోయినప్పుడు మన వెనుక మరియొకరు పాడుచున్నారు. నటుని వెనుకనున్న గాయకునికి వాని దుఃఖము తెలియదు. మన వెనుకనున్న ఆత్మకు మన హృదయము తెలియును.

"అట్లయిన నేనును హృదయము వచ్చుననియే పాడుచున్నాను" అని కట్నము పుచ్చుకొన్న పెద్దమనిషి చెప్పవచ్చును గదా? చెప్పవచ్చును. దానికి పరీక్ష మన ఊరి పనిలోనే కలదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ కలిపిన బఱ్ఱెపాలలో నానబెట్టుదురు. ఇనుపముక్కలు బెల్లపు నీళ్లలో ఊరబెట్టి నల్లరంగు తీయుదురు. వెదురు కలముతో బొమ్మ గీయుదురు. ఎరుపు రావలసినచోట మొదట పటిక నీళ్లు పూయుదురు. ఆ తరువాత రంగులో ఉడికించి పారు నీటిలో ఉదుకుదురు. పటిక పూసినచోట ఎరుపు దారమును పట్టుకొనును. పూయనిచోట నీటితో వెలిసిపోవును. రంగు ఒక్కటే, గుడ్డ ఒక్కటే. ఉదికినప్పుడుగాని భేదము తెలియదు.

కీర్తన మనలో పట్టుటకు కావలసిన పటిక మారుమనస్సు. జక్కయ్య ప్రభువును సంతోషముతో ఇంటికి చేర్చుకొన్నాడు. ఆ సంతోషము వట్టి పాటగా నిలిచిపోలేదు. అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలుగా తిరిగి యిచ్చుటకు ఒప్పుకొన్నాడు (లూకా 19:8). రంగు పట్టినదనుటకు అదే గురుతు. హృదయము వచ్చునని పాడుచున్న పెద్దమనిషి తాకట్టు పెట్టిన ఆ అరెకరమును విడిపించి ఇచ్చినయెడల అతని పాట ప్రార్థనయని మనము నమ్ముదుము. ఇయ్యనియెడల అతడు ఎంత శ్రావ్యముగా పాడినను ఏటినీటిలో వెలిసిపోవు రంగే.

ఇప్పుడు మొదటి తగవునకు తిరిగి వత్తము. సినిమా పాటలన్నియు పాపమని మేము చెప్పము. అన్నియు మంచివనియు చెప్పము. ఏవి సత్యమైనవో, మాన్యమైనవో, పవిత్రమైనవో వాటిని ధ్యానించుడని ఫిలిప్పీ 4:8లో చెప్పబడినది. ఆ జల్లెడలో ప్రతి పాటను వేయవలెను. భోజనము మీదను, పెండ్లి మీదను చిన్నపిల్లలవలె సంతోషించు పాట ఒకటి. స్త్రీని అవమానపరచు పాట, త్రాగుడును గొప్పచేయు పాట మరియొకటి. ఈ రెంటిని ఒకే గాటను కట్టివేయు పెద్ద, పిల్లవానికి వివేచన నేర్పలేడు, భయము మాత్రమే నేర్పును. పిల్లలును ఒకటి గ్రహింపవలెను. పదే పదే పాడినది నోటిలో నిలువదు, లోపలికి దిగును. హృదయము నిండినదానిని బట్టియే నోరు మాటలాడునని ప్రభువు చెప్పెను (లూకా 6:45). రేపు కష్టము వచ్చినప్పుడు మీ నోట ఏ పాట రావలెనో దానిని నేడు లోపలికి దింపుకొనుడి.

సంఘ పెద్దలకు మరియొక మాట. ఈ దినములలో కొన్ని గుళ్లలో కీర్తన పాడుటకు బదులు రికార్డు చేసిన పాటను స్పీకరులో వేసి దానితో పెదవులు కదుపు అలవాటు వచ్చుచున్నది. స్పీకరు ఘనముగా పాడును, సంఘము మెల్లగా మౌనమగును. ఇది సినిమావారి పద్ధతి. నటునికి అది వృత్తి, ఆరాధించువానికి అది నష్టము. తిన్నని వేషములో పెదవులు కదిపిన ఆ రాజకుమార్ కూడ తరువాతి కాలమున తన గొంతుతోనే పాడనారంభించెను. 1992 సంవత్సరమునకు ఉత్తమ గాయకునిగా జాతీయ పురస్కారము పొందెను. నటుడే తన గొంతుతో పాడుట నేర్వగా, విడిపింపబడిన ప్రజలము మనము యంత్రము వెనుక దాగనేల? గొంతు బాగులేదని సిగ్గుపడకుడి. శ్రుతి తప్పిన అవ్వ పాటను దేవుడు త్రోసివేసినట్టు గ్రంథములో ఎక్కడను లేదు. న్యాయము తప్పినవారి పాటను త్రోసివేసినట్టు స్పష్టముగా ఉన్నది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ప్రతి యింటివారును తమకు బాగుగా వచ్చిన ఒక కీర్తనను తీసికొని, పాడుటకు ముందు దాని మాటలు మెల్లగా చదువుకొనుడి. ఈ మాటలలో నాకు ఇంకను దూరముగా నున్నది ఏదని ఒక్కొక్కరు చెప్పుకొనుడి. తండ్రియు చెప్పవలెను, పిల్లలును చెప్పవలెను. ఆ తరువాత పాడుడి. అప్పుడు మీ యిల్లే సత్యపీఠమగును.

ప్రార్థన: ప్రభువా, మా పెదవులను నీవెరుగుదువు, మా హృదయములను అంతకంటె బాగుగా ఎరుగుదువు. మేము దాచినదానిని వెలుగులోనికి తెమ్ము. మేము పాడలేనప్పుడు నీ ఆత్మ మా పక్షమున మూలుగును గాక. అన్యాయముగా పుచ్చుకొన్నదానిని తిరిగి యిచ్చు ధైర్యము మాకు దయచేయుము. మా పెదవియు మా గొంతును మా బ్రదుకును ఒక్కటిగా చేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.